తొలిసారి సుషి తినేవారు ఏమి కోరుకోవాలి?

బెంగళూరు, చెన్నై నగరాలలో జపాను భోజనశాలలు అరుదైనవి కావు. తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ వంటి జపాను సంస్థల కర్మాగారాలు నెలకొన్నాయి. అటువంటి చోట్ల ఉద్యోగాలు చేసే పిల్లల ద్వారా సుషి అనే పేరు సరిహద్దు గ్రామాల ఇళ్ళకూ చేరింది. మెనూలోని పేర్లు తెలియక, పక్కవారు తెప్పించినదే తామూ తెప్పించుకొని, నోట పెట్టలేక విడిచిపెట్టడం తొలిసారి వెళ్ళినవారికి సాధారణంగా ఎదురయ్యే ఇబ్బంది. శాకాహారులకు తెలియకుండానే నియమభంగం జరిగే అవకాశం కూడా ఉంది. కొద్దిపాటి పరిజ్ఞానంతో ఈ రెండింటినీ నివారించవచ్చు.

సుషి అనగా ఏమి?

సుషి అంటే పచ్చి చేప అనే అభిప్రాయం సరైనది కాదు. వినెగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నమే దానికి ప్రాణం. ఆ అన్నంతో పచ్చి చేప ఉండవచ్చు, ఉడికించిన రొయ్య ఉండవచ్చు, కేవలం దోసకాయ ముక్క ఉండవచ్చు. అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలను సషిమి అంటారు. పులిహోర ఎరిగిన నాలుకకు పుల్లని అన్నం పరాయిది కాదు. అయితే సుషి అన్నం జిగురుగా, కొంచెం తీపిగా ఉంటుంది.

పూర్వం చేపను ఉప్పుతోను, అన్నంతోను కలిపి నెలల తరబడి పులియబెట్టి నిలువ చేసేవారు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చేతితో ఒత్తిన అన్నపు ముద్దపై చేప ముక్కను ఉంచి అప్పటికప్పుడు అమ్మే పద్ధతి వ్యాపించింది. 1958లో ఒసాకా ప్రాంతంలో యోషియాకి షిరాయిషి, పళ్ళెములు కదిలే పట్టీపై తిరిగి వచ్చే దుకాణాన్ని ప్రారంభించారు. అప్పటినుండి సుషి సామాన్యులకు మరింత చేరువైంది.

ముఖ్యమైన రకాలు

నిగిరి: అన్నపు ముద్దపై చేప, రొయ్య లేదా గుడ్డు అట్టు ముక్క. సాధారణంగా రెండేసి వడ్డిస్తారు.
మకి: సముద్రపు నాచు రేకులో అన్నాన్ని చుట్టి ముక్కలుగా కోసినది.
ఇనారి: తీపి, ఉప్పు రుచులు కలిసిన వేయించిన టోఫు సంచిలో అన్నం నింపినది.

ఏ క్రమంలో కోరుకోవాలి?

మొదట దోసకాయ చుట్టిన కప్పా మకి తెప్పించుకోవడం మేలు. అన్నం, నాచు రుచులు దానితో పరిచయమవుతాయి. తరువాత ఉడికించిన రొయ్య అయిన ఎబి, గుడ్డు అట్టు అయిన తమగో, తీపి పులుసు పూసి కాల్చిన ఉనగి అనే మలుగు చేప తగినవి. ఇవన్నీ వండినవే. ఇవి నచ్చితే సాల్మన్ లేదా ట్యూనా నిగిరి ఒక్క జత మాత్రమే తెప్పించి రుచి చూడవచ్చు. ఎంపికను వంటవానికే విడిచిపెట్టే ఒమకసే పద్ధతి ఖరీదైనది. తొలి పరిచయానికి తగదు.

శాకాహారులకు హెచ్చరిక

చేప ముక్క కనబడనంత మాత్రాన చేప లేనట్లు కాదు. జపాను వంటలో దషి అనే రసం విరివిగా వాడతారు. దానిని చాలావరకు ఎండబెట్టిన చేప రేకులతో కాస్తారు. గుడ్డు అట్టులో, ఇనారి సంచిలో, మిసో సూప్‌లో అది ఉండవచ్చు. కాలిఫోర్నియా రోల్‌లో వాడే పీత కడ్డీలు కూడా సాధారణంగా చేప మాంసంతో తయారైనవే. దోసకాయ, అవకాడో, ఊరవేసిన ముల్లంగి చుట్టిన మకి మేలైన ఎంపిక. "దషి కలిసిందా?" అని ముందుగానే అడగాలి.

ఆరోగ్య విషయాలు

పచ్చి చేపలో పరాన్నజీవులు ఉండవచ్చు. అందువలన పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార నియమావళి సూచిస్తుంది. గడ్డకట్టించినా సూక్ష్మక్రిములన్నీ నశించవు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు వండిన రకాలకే పరిమితం కావాలి. సంతలో కొన్న చెరువు చేపతో, ఏటి చేపతో ఇంట్లో పచ్చి సుషి చేయరాదు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. గోధుమ పడనివారు గమనించాలి.

తినే విధానం

పుల్లల వాడకం రానివారు చేతితో తినవచ్చు. జపానులోనూ అది తప్పు కాదు. నిగిరిని అన్నం వైపు కాక చేప వైపు సోయా సాస్‌లో కొద్దిగా అద్దాలి. లేనిచో అన్నం విడిపోతుంది. పచ్చని వసాబి ముద్ద ఆవపిండి వలె ముక్కుకు ఎక్కుతుంది కనుక చిటికెడుతో ఆరంభించాలి. పక్కన ఉంచే అల్లం ఊరగాయ, ఒక రకం తిన్న తరువాత నోటిని శుభ్రపరచుకొనేందుకు ఉద్దేశించినది.

తొలిసారికి రెండు మూడు రకాలు చాలు. తెలియని పేరు కనబడినపుడు అది పచ్చిదా, వండినదా, అందులో ఏమి కలిసిందని వడ్డించేవారిని అడగడం నామోషీ కాదు. అడిగి తిన్నవారికే ఆ రుచి నిశ్చింతగా దక్కుతుంది.