ఏంజెల్ నాణేనికి చిల్లు ఎందుకు?

మధ్యయుగపు ఇంగ్లండు బంగారు నాణేలు సేకరించేవారికి 'ఏంజెల్' బాగా తెలిసిన నాణెం. నాలుగో ఎడ్వర్డు 1465లో దీన్ని ప్రవేశపెట్టాడు. బరువు 5 గ్రాముల పైచిలుకు, అప్పటి విలువ 6 షిల్లింగుల 8 పెన్నీలు. ఒకవైపు డ్రాగన్‌ను చంపుతున్న దేవదూత మైకేల్, మరోవైపు ఓడ. చిల్లు ఉన్న ఏంజెల్ మామూలుగా తక్కువ ధర పలుకుతుంది. అందుకే కొందరు చిల్లు పూడ్చి అమ్మారు. కానీ మనలాంటి వాళ్ళకు ఆ చిల్లే ముఖ్యం.

మెడ మీద గడ్డలు కట్టే గండమాల జబ్బు రాజు చేయి తగిలితే పోతుందని ఇంగ్లండులో, ఫ్రాన్సులో శతాబ్దాల పాటు నమ్మారు. ఇంగ్లండులో ఏడో హెన్రీ (1485-1509) కాలం నుంచి రాజు రోగిని తాకి, ఒక ఏంజెల్ ఇవ్వడం ఆచారమైంది. చిల్లు పెట్టి, రిబ్బను గుచ్చి మెడలో వేసేవారు. అంటే బంగారు తాయెత్తే! తర్వాత ఏంజెళ్ళ ముద్రణ ఆగిపోయింది. రెండో ఛార్లెస్ (1660-1685) అదే బొమ్మతో వేరే బిళ్ళలు చేయించి, సుమారు 90 వేల మందిని తాకాడు.

మరి జబ్బు నయమయ్యేదా? గండమాల అంటే మెడలోని లింఫు గ్రంథులకు సోకే క్షయ. అది ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది, మళ్ళీ తిరగబెడుతుంది. తగ్గితే రాజు మహిమ. తిరగబెడితే బిళ్ళ పోగొట్టుకున్న రోగి తప్పు! ఎటు తిరిగినా మహిమకు ఢోకా లేదు. ఇంకో సంగతి చూడండి. తనను రాజు ఇంతకు ముందు తాకలేదని రోగి తన చర్చి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఒక్కసారికే నయమైతే రెండోసారి వచ్చేదెవరు? జబ్బు తగ్గనివాడైనా రావాలి, బంగారం కోసం వచ్చేవాడైనా కావాలి.

నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్‌ను పసివాడుగా ఉండగా, 1712లో, తల్లి లిచ్‌ఫీల్డ్ నుంచి లండన్‌కు తీసుకువెళ్ళింది. యాన్ రాణి తాకి బిళ్ళ ఇచ్చింది. జబ్బు తగ్గలేదు, మచ్చలు పోలేదు. బిళ్ళ మాత్రం ఆయన దగ్గర జీవితాంతం ఉంది. 1714లో గద్దెనెక్కిన మొదటి జార్జి ఈ తంతు మానేశాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882లో చూపించాడు. దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. ఆ రెండూ వచ్చింది ప్రయోగశాల నుంచే, సింహాసనం నుంచి కాదు.

చివరిగా సేకరించేవారికి ఒక మాట. నగగా వేసుకోవడానికి కూడా నాణేలకు చిల్లు పెట్టేవారు. కాబట్టి "ఇది రాజు స్వయంగా ఇచ్చిన నాణెం" అని అమ్మేవాడు చెబితే, రుజువేమిటో అడగండి.