ఏరియల్‌కు చేరని శక్తి

వంశధార ఒడ్డున, గాంగరాజుల కళింగనగరమని పండితులు గుర్తించిన శ్రీముఖలింగం 1924లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. ఆ యేడు మే 16న మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు, మరికొందరు ఔత్సాహికులు రేడియో క్లబ్బు స్థాపించి, జూలై 31న ప్రసారములు ఆరంభించిరి. వారి యంత్రశక్తి 40 వాట్లు. ఇంటి బల్బు పాటిది! అందులో ఒక్క వాటునైనను దారిలో పోగొట్టుకొన వీలులేదు.

పోవునది ఎక్కడ? వాల్వుకు వేల ఓముల భారము కావలెను. నేటి కేబుల్‌ది సాధారణముగా 50 ఓములు. ఏరియల్‌ది దాని పొడవును, తరంగమును బట్టి మారుచుండును. ఈ గుణమునకు ఇంపీడెన్సు అని 1886లో పేరిడినవాడు ఆలివర్ హెవిసైడ్. 50 ఓముల కేబుల్‌కు 150 ఓముల ఏరియల్ తగిలించినచో, దానిని చేరిన శక్తిలో నాల్గవవంతు వెనుదిరుగును. యాంప్లిఫయర్ పెద్దదైన కొలది ఆ తిరుగుదెబ్బకు కండెన్సర్లలో నిప్పురవ్వలు లేచుటయు కద్దు.

1934లో అమెరికాలో ఆర్థర్ కాలిన్స్ అను యువకుడు రెండు కండెన్సర్ల నడుమ ఒక తీగచుట్టను కూర్చి, పలువిధముల ఏరియళ్లను యంత్రమునకు సరిపెట్టు పద్ధతిని అమెచ్యూర్లకు వివరించెను. వాల్వు చేసిన ఉపకారమునకు ఇది తీసిపోదని మా అభిప్రాయము. మద్రాసు క్లబ్బు మాత్రము అప్పటికే, 1927లో, ధనాభావముచే మూతపడినది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టి టెలిఫోన్లు మూగవోగా, అమెచ్యూరు రేడియోవారు సందేశములు నడిపిరి. అట్టివేళ కొలత ప్రకారము కట్టిన ఏరియల్ ఎక్కడ దొరకును? దొరికిన తీగను నిలిచిన చెట్టుకు కట్టి, తిరుగుశక్తి చూపు ముల్లు సున్నకు వాలువరకు ట్యూనరు త్రిప్పుచుండవలసినదే.