ఇంటిపేరు పోయి నెంబరు మిగిలింది

1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చిన తొలి భారతీయులు దిగింది అందులోంచే. 1911లో ఆ వలస ఆగేనాటికి మొత్తం లక్షన్నర దాటారు. విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వారిలో ఎందరో.

వాళ్ల మునిమనవలకు ఇప్పుడు పూర్వీకుల ఊరు కావాలి. దక్షిణాఫ్రికాలో వంశచరిత్ర వెతకడం నేర్చుకునేవారికి తొలిపాఠం, పేరు వెంట పడకుండా నెంబరు పట్టుకోవడం. ప్రతి కూలీకీ ఇచ్చిన వలస నెంబరు తర్వాత పెళ్లి, జనన పత్రాల్లోకీ ఎక్కింది. అది దొరికితే ఓడ జాబితాలో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఆఖరికి ఒంటిమీది మచ్చలు కూడా కనిపిస్తాయి.

పేరుతో వచ్చే తంటా వేరు. అసలు ఇంటిపేరు చాలాసార్లు రాతలోకే రాలేదు. నాయుడు కాస్తా ‘నాయిడూ’గా మారి దాని చోట కూర్చుంది, చుట్టరికం లేని వేల కుటుంబాలకు ఒకే ఇంటిపేరు! ఊరి పేర్లయితే గుమాస్తా చెవిన పడ్డట్టు ఇంగ్లిషులోకి దిగాయి. కళ్లతో చూస్తే అంతుపట్టని ఆ స్పెల్లింగు, తెలుగు తెలిసినవారు పైకి చదివితే ఒక్కోసారి ఊరై పలుకుతుంది. నలుగురు కలిసి కూర్చుని వెతకడంలోని లాభం అదే.

తెలుగునాట వంశం చెప్పే విద్య పిచ్చుకుంట్లవారి సొత్తు. గోత్రాలు, ఇంటిపేర్లు, తాతముత్తాతల వరస నోటికి చెప్పి సంభావన పుచ్చుకునేవారు. వాళ్లకు వంశరాజులనే పేరు అందుకే వచ్చింది. ఓడెక్కినవాళ్ల సంతానానికి మాత్రం ఆ పని జాబితాలే చేసిపెడుతున్నాయి.