స్వయంప్రచురణము: కుర్క్యాల శిల మొదలు చేతిలోని తెర వరకు

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఈ ఇరువదియైదేండ్లలోనే పుస్తకమను వస్తువు తన రూపును మార్చుకొన్నది. తాటాకు మీదినుండి కాగితము మీదికి వచ్చుటకు మన వాఙ్మయమునకు వందలయేండ్లు పట్టినవి. కాగితము మీదినుండి తెరమీదికి వచ్చుటకు ఒక తరము కూడ పట్టలేదు. నేడు కథ వ్రాసినవాడు ప్రచురణకర్త గడప తొక్కకయే, తన కథను తానే లోకమునకు వెల్లడించుకొనగలుగుచున్నాడు. ఇది రచయితకు లభించిన స్వాతంత్ర్యమా, లేక క్రొత్తరూపమున వచ్చిన వెట్టియా అన్నది విచారింపదగిన ప్రశ్న. నేను పండితుడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి; కావ్యములు చదువుకొనుట నా వ్యసనము. కావున ఈ విషయమును కొంత చరిత్రదృష్టితోను, కొంత జమాఖర్చుల దృష్టితోను పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

తన మాటను తానే ప్రకటించుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కుర్క్యాల చెంత బొమ్మలగుట్ట కలదు. క్రీస్తుశకము పదియవ శతాబ్దిలో జినవల్లభుడనువాడు ఆ గుట్టమీద సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో శాసనము చెక్కించెను. అందు మూడు తెలుగు కందపద్యములున్నవి. నన్నయభట్టు భారతమునకంటె ముందే మన నేలమీద కందము నడచినదనుటకు అవి సాక్ష్యములు. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనకు స్వయానా తమ్ముడు. అన్నగారిని వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆదరించి ధర్మపురిని అగ్రహారముగా ఇచ్చెనని ఈ శాసనమే చెప్పుచున్నది. అన్నకు రాజు దొరకెను. తమ్ముడు రాతిని ఆశ్రయించెను. పోషకుడు లేకున్నను చెప్పదలచినది చెప్పవచ్చునని, చెప్పినది వేయేండ్లు నిలుచునని ఆ గుట్ట నేటికిని చెప్పుచున్నది.

తరువాతి యుగములలో కవికి రెండు త్రోవలుండెడివి. ఒకటి కృతిని రాజున కంకితమిచ్చుట. రెండవది జనుల నాలుకను నమ్ముకొనుట. బమ్మెర పోతన రాజాశ్రయమును నిరాకరించెనని మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. మన ధర్మపురి వాసి శేషప్పకవి రచించిన నరసింహశతకము అచ్చు మన పల్లెలకు రాకమునుపే వీధిబడి పిల్లల నోట నడయాడెను. మకుటములోనే ఊరి పేరుండుటచే ధర్మపురి కీర్తియు దానితోబాటు దేశము తిరిగెను. గ్రంథమునకు ప్రతులు కావలసినచో లేఖకుడు ఒక్కొక్క ఆకును గంటముతో వ్రాయవలసినదే. ముప్పదిరెండక్షరములను ఒక గ్రంథముగా ఎంచి వ్రాతపనిని కొలిచెడివారు. ఈ కొలతను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పని గలదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప రాజు స్థానమున ప్రచురణకర్త నిలిచెను. నిజాము కాలమున తెలుగు పుస్తకము అచ్చొత్తించుటయే సాహసముగా నుండెను. తెలంగాణములో కవులే లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆయన పుస్తకములను అచ్చువేయించి ఊరకుండలేదు. పుస్తకముల గంపతో ఊరూర తిరిగి తానే అమ్మిరి. ‘ప్రజల మనిషి’ నవల వ్రాసిన చేయియే గంపను మోసిన చేయి. రచయిత, ప్రచురణకర్త, అంగడివాడు ఒక్కరే యగుట మనకు తెలిసిన సంప్రదాయమే.

ఐనను అచ్చుయుగములో స్వయంప్రచురణము ఎంత భారమైనదో ఒక ఊహాలెక్క వేసి చూతము. ఒక కథారచయిత తన కథల సంపుటిని 500 ప్రతులు అచ్చువేయించెననుకొందము. ప్రతికి 80 రూపాయల చొప్పున ఖర్చు 40,000 రూపాయలు. వెల 150. అమ్మిపెట్టువారికి నూటికి నలుబది పోగా రచయిత చేతికి ప్రతికి 90 రూపాయలు వచ్చును. పెట్టుబడి తిరిగి రావలెనన్నచో 445 ప్రతులు అమ్ముడుపోవలెను. కాని ఆవిష్కరణసభలోను, బంధుమిత్రులకును, సమీక్షలకును కలిపి నూరు ప్రతులు ఊరక పంచక తప్పదు. మిగిలిన 400 ప్రతులు ఒక్కటియు మిగులకుండ అమ్ముడుపోయినను వచ్చునది 36,000 మాత్రమే. అనగా అన్నియు అమ్ముడుపోయినను నాలుగువేలు నష్టము! నిజమునకు సగము ప్రతులైనను కదలక, అటుకమీద చెదలకు ఆహారమగుటయే ఎక్కువ. ఇంటివారి దృష్టిలో ఆ కట్టలు పుస్తకములు కావు, బాకీకి గుర్తులు.

ఇట్టి స్థితిలో ఈ-పుస్తకము వచ్చెను. 1971లో అమెరికాలో మైకేల్ హార్ట్ అను విద్యార్థి స్వాతంత్ర్యప్రకటనను కంప్యూటరులోనికి ఎక్కించి అందరికిని ఉచితముగా అందించుటతో ఈ మార్గమునకు అంకురార్పణ జరిగెను. 2007 నవంబరులో అమెజాను సంస్థ కిండిల్ అను చదువుపలకను విడుదల చేసి, రచయితలు తమ గ్రంథములను తామే అందులో పెట్టుకొను ఏర్పాటు కూడ చేసెను. ఆండీ వీర్ అను రచయిత ‘ది మార్షియన్’ అను నవలను తన వెబ్‌సైటులో ప్రకరణములుగా ఉచితముగా ప్రకటించి, పాఠకులు కోరగా 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టెను. 2014లో పెద్ద ప్రచురణసంస్థ దానిని అచ్చువేసినది, 2015లో చలనచిత్రమైనది. మన దేశమున అమీశ్ త్రిపాఠి శివుని గూర్చి వ్రాసిన తొలి ఆంగ్లనవలను పలువురు ప్రచురణకర్తలు త్రోసిపుచ్చగా, 2010లో సొంతపూనికతోనే వెలువడెను. మొదటి ప్రకరణమును విడిగా అచ్చొత్తించి పుస్తకాల అంగళ్ళలో ఉచితముగా పంచిరి. అదియు ఆళ్వారుస్వామిగారి గంపవంటిదే!

తెలుగునకు ఈ త్రోవ అంత సులభముగా తెరచుకొనలేదు. 1991లోనే యూనికోడు అను ప్రపంచవ్యాప్త అక్షరసంకేతములలో తెలుగునకు స్థానము లభించినను, మన పుస్తకములు చాలకాలము అను మొదలైన వేరు ఫాంటులలోనే కూర్పబడెను. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అక్షరములు అర్థముకాని గీతలై కనిపించును. అందుచేత పుటలను బొమ్మలుగా మార్చి అమ్మవలసి వచ్చెను. చిన్నఫోనులో అట్టి పుట చదువుట కన్నులకు శిక్ష. కాలక్రమమున పోతన పేరిటను, వేమన పేరిటను యూనికోడు ఫాంటులు ఉచితముగా లభించినవి. రాజును కాదన్న కవి పేరు తెరమీది అక్షరమునకు పెట్టుట ఎంత ఉచితము! 2010లో కినిగె అను తెలుగు ఈ-పుస్తకశాల ఆరంభమైనది. 2014లో బెంగళూరున వెలసిన ప్రతిలిపి ఇతర భారతీయభాషలతోబాటు తెలుగు కథకులకును తావిచ్చినది. కాని 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భారతీయభాషలకు తలుపు తెరచినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. తమిళకథకునకు అందిన అంగడి ఆనాడు తెలుగుకథకునకు అందలేదు.

ఇక ఈ-పుస్తకపు జమాఖర్చులు చూతము. పై ఊహాలెక్కలోని రచయితయే తన సంపుటిని 50 రూపాయలకు తెరమీద పెట్టి, అందు సగము తనకు వచ్చునట్లు ఒప్పుకొనెననుకొందము. కాగితపు ఖర్చు లేదు; చెదల భయము లేదు. కాని పూర్వపు 40,000 రూపాయలు చూడవలెనన్నచో 1,600 మంది కొనవలెను. పన్ను సంగతియు ఒకటున్నది. అచ్చుపుస్తకమునకు వస్తుసేవలపన్ను లేదు. 2018 జూలైలో చేసిన మార్పు ప్రకారము, అచ్చుప్రతి కూడ గల ఈ-పుస్తకమునకు నూటికి 5, అచ్చుప్రతి లేనిదానికి నూటికి 18 పన్నుగా నిర్ణయించిరి. అచ్చుకు డబ్బు లేక తెరను నమ్ముకొన్న పేదరచయిత పుస్తకము మీదనే అధికభారము పడెనన్నమాట. చందా కట్టి ఎన్ని పుస్తకములైనను చదువుకొను కిండిల్ పథకములో 2015 జూలై నుండి, పాఠకుడు చదివిన పుటల లెక్కనుబట్టి రచయితకు ప్రతిఫలమిచ్చుచున్నారు. పూర్వము లేఖకుడు వ్రాసిన అక్షరములను ముప్పదిరెండేసిగా కొలిచిరి. నేడు పాఠకుడు త్రిప్పిన పుటలను కొలుచుచున్నారు. ఆనాటి కొలత చేతిశ్రమకు. ఈనాటి కొలత చదువరి ఓపికకు. సగములో విసుగు పుట్టించిన కథకు సగముకూలియే!

స్వయంప్రచురణ చేయు కథకుని దినచర్య ఎట్లుండునో ఒకమారు ఊహింపుడు. పగలెల్ల పొలములోనో, గనిలోనో, బడిలోనో పని. రాత్రి కథ. కథ ముగిసినంతమాత్రమున పని ముగియదు. అక్షరదోషములు తానే దిద్దుకొనవలెను. ముఖచిత్రము తానే చేయించుకొనవలెను. వెల తానే కట్టవలెను. పుస్తకము వచ్చినదని పదిమందికి తానే చెప్పుకొనవలెను. ప్రచురణకర్త లేనందున అడ్డుచెప్పువాడు లేడు. మంచిసలహా యిచ్చువాడును లేడు. కథ పెట్టిన గడియకే పాఠకుని అభిప్రాయము వచ్చును. ఇది గొప్పవరము. కాని మెచ్చుకోలుకై వారమునకొక భాగము చొప్పున ధారావాహికను సాగదీయుట అలవాటైనచో కథ చిక్కిపోవును. ఎవడో ఒకడు పుస్తకమును కొని, వాట్సాపులో నూరుమందికి ఊరక పంపునేని, రచయితకు నూరుగురు పాఠకులు పెరిగినను ఒక్క రూకయు రాదు. ఇట్లు స్వాతంత్ర్యము వచ్చిన మాట నిజమే. కాని నలుగురు పంచుకొనవలసిన పని ఒక్కని నెత్తిమీద పడిన మాటయు నిజమే.

ఐనను ఈ మార్గము వలన కలుగు మేలును తక్కువ చేయరాదు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండుభాషను వ్రాసిన ప్రత్యేకలిపిగల ప్రాతప్రతులు లభించినవి. ఆ లిపికి ‘గుంజాల గోండి’ అని ఆ ఊరి పేరే పెట్టి, 2018లో యూనికోడులో చేర్చిరి. సీసపు అచ్చక్షరములను పోతపోయించుటకు ఏ ముద్రాపకుడు ముందుకు వచ్చియుండెడివాడు? నేడు గోండుకథకుడు తన లిపిలోనే కథ వ్రాసి తెరకెక్కింపవచ్చును. పెద్దభాషలకు అచ్చు ఎట్టిదో, చిన్నభాషలకు ఈ తెర అట్టిది కాగలదు.

కాని నిలుకడ మాటేమి? 2019లో మైక్రోసాఫ్టు సంస్థ తన ఈ-పుస్తకాల అంగడిని మూసివేసెను. కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చినది. కాని వారు కొన్న పుస్తకములు వారి తెరలనుండి మాయమైనవి. అంతటి సంస్థయే అంగడి కట్టివేయగా, చిన్న అంగళ్ళ సంగతి చెప్పనేల? కుర్క్యాల పద్యములు వేయేండ్లకు పైగా నిలిచినవి. మన ఊరి కథకుని కథ ఫోను పాడైన దినమున పోవచ్చును. అచ్చుపుస్తకపు ప్రతులను కలకత్తా జాతీయగ్రంథాలయము మొదలగువానికి పంపవలెనని 1954 నాటి చట్టము విధించినది. ఆ చట్టము వ్రాసిననాడు ఈ-పుస్తకము పుట్టలేదు. తెరమీదనే పుట్టి తెరమీదనే పోవు కథను దాచువారెవరు?

ఆ పని మనదని నా మనవి. మనము కట్టు ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసల గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాము. 1960 నాటి గ్రంథాలయచట్టము వలన ఏర్పడిన ఆ నిధి ఊరిజనుల సొమ్ము. ఊరిరచయితను కాపాడుటకు గ్రంథాలయమునకు మించిన స్థానము లేదు. ఇందులకు పెద్దధనము అక్కరలేదు. మన ప్రాంతమువారు తెరమీద ప్రకటించిన ప్రతి కథాసంపుటిని మంచి కాగితముమీద ఒక ప్రతి తీయించి, కుట్టించి, ప్రత్యేకబీరువాలో ఉంచవలెను. దాని యూనికోడు మూలమును రచయిత అనుమతితో మన కంప్యూటరులోను, దాని నకలును మరియొకచోటను భద్రపరుపవలెను. నెలకొక సాయంకాలము ఆ కథలలో ఒకటి బిగ్గరగా చదివి వినిపింపవలెను. అక్షరము రాని పెద్దలు వినుదురు, రచయిత తన తప్పులను తానే తెలిసికొనును. చందాదారులు స్నేహితుడు పంపిన దొంగప్రతిని చదువుటకు బదులు, వెల చెల్లించి ఒక్క ఈ-పుస్తకమైనను కొనవలెను.

రాజు పోయెను, ప్రచురణకర్త వెనుకబడెను, తెర వచ్చెను. ఇన్ని మార్పులలోను కథకునకు కావలసినది మాత్రము మారలేదు: తన ఊరిలో తన కథ చదివి, బాగోగులు చెప్పు నలుగురు మనుష్యులు. ఆ నలుగురిని కూర్చుండబెట్టుటకు మన గ్రంథాలయమున బల్లలు కలవు, దీపము కలదు. స్వర్ణోత్సవసంచిక వెలువడునాటికి ఆ ప్రత్యేకబీరువా నిండవలెనని కోరుచు, ఈ వ్యాసమును గ్రంథాలయాభిమానులకు సమర్పించుచున్నాను.