సోడా అమ్మి పెట్టిన పళ్ల కాలేజీ

డిసెంబరు 24 డాక్టర్ ఆర్. అహ్మద్ పుట్టినరోజు. భారత దంతవైద్యుల సంఘం ఆ రోజును దంతవైద్యుల దినంగా జరుపుతుంది కాబట్టి, పళ్ల గురించి ఈ వారం మేమూ ఒక పేజీ రాయక తప్పదు.

రివాజు ప్రకారం ప్రాచీనుల నుంచి మొదలుపెట్టాలి. నోటి రోగాలు 65 అని సుశ్రుతుడు లెక్క తేల్చాడు. తర్వాత శతాబ్దాల తరబడి వేపపుల్ల, లవంగం, మరీ సలిపితే పటకారు. అక్కణ్నుంచి ఏకంగా 20వ శతాబ్దంలోకి దూకేద్దాం. పిప్పిపన్ను ఉన్నవాడు ఎలాగూ అంతసేపు ఆగలేడు.

రఫీయుద్దీన్ అహ్మద్ 1890లో తూర్పు బెంగాల్లో పుట్టారు. అలీగఢ్‌లో చదివి, అమెరికా వెళ్లి, 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్‌లోని ఫోర్సైత్ ఆస్పత్రిలో పిల్లల పళ్లు చూశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కలకత్తా చేరారు.

నాకు మహా ఇష్టమైన ఘట్టం ఇదే. పళ్ల వైద్యం నేర్పే కాలేజీ దేశంలో ఒక్కటీ లేదు. పెట్టాలంటే డబ్బు కావాలి. ఇంకొకరైతే చందా పుస్తకం పట్టుకుని జమీందార్ల గుమ్మాలెక్కేవారేమో! అహ్మద్ గారు సోడా దుకాణం తెరిచారు. పేరు న్యూయార్క్ సోడా ఫౌంటెన్. సోడా ఫౌంటెన్ అంటే గోలీ నొక్కి ఇచ్చే మన బండి కాదు. అమెరికాలో అప్పట్లో అదొక షోకు: గ్లాసులో తియ్యటి పాకం పోసి, కుళాయి తిప్పి గ్యాసునీళ్లు కలిపి, కోరితే ఐస్‌క్రీం ముద్ద కూడా వేసిచ్చేవారు. ఆ రాబడి అండతోనే 1920లో దేశంలో తొలి దంతవైద్య కళాశాల మొదలైంది. తీపి పళ్లనేం చేస్తుందో ఆ యజమానికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికి తెలుసు? అయినా అమ్మారు. నేనైతే తప్పుపట్టను.

జిన్నా చెల్లెలు ఫాతిమా అక్కడే చదివి, 1923లో బొంబాయిలో క్లినిక్ పెట్టారు. పాఠం చెబితే సరిపోతుందా, పుస్తకమూ ఉండాలి. 1925లో అహ్మద్ గారు దంతవైద్య పత్రిక ప్రారంభించి రెండు దశాబ్దాలు సంపాదకుడిగా ఉన్నారు. 1928లో విద్యార్థుల కోసం చేతిపుస్తకం రాశారు. 1949లో కాలేజీని ప్రభుత్వానికి రాసిచ్చేశారు. ఆపైన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బి.సి. రాయ్ మంత్రివర్గంలో వ్యవసాయం చూశారు. ముఖ్యమంత్రీ డాక్టరే, మంత్రీ డాక్టరే! 1964లో పద్మభూషణ్ వచ్చింది, మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఇక ఇప్పటి సంగతి ఒక దారిన పడదు. దేశంలో దంతవైద్య కళాశాలలు వందల్లో ఉన్నాయి. లక్షలు పోసి బీడీఎస్ చేసిన పిల్లలు కొందరు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు వెళ్తున్నారు. పల్లెల్లో ఇప్పటికీ పన్ను సలిపితే మెడికల్ షాపువాడిచ్చే మాత్రే గతి.