ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్ మోడ్‌ల పేర్లు: లినక్స్ కెర్నెల్‌లో వాటి చరిత్ర

నెట్‌వర్క్ కంట్రోలర్‌లోని మ్యాక్ భాగానికీ, కేబుల్ మీదికి సంకేతాలు పంపే ఫై చిప్‌కూ మధ్య బోర్డు మీద సమాచారం నడిచే పద్ధతిని ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్ మోడ్ అంటారు. బయట గుచ్చే కేబుల్ రాగిదా, ఫైబర్‌దా అన్నది వేరే సంగతి. రెండు చిప్‌లూ ఒకే పద్ధతిలో ఉంటేనే లింకు లేస్తుంది. ఒకటి ఒకలా, మరొకటి ఇంకోలా అమరితే లింకు అసలు రాదు. ఒక్కోసారి లైటు వెలిగినా ప్యాకెట్ కదలదు. అందుకే కెర్నెల్ డ్రైవర్‌కు ఈ మోడ్ పేరు ముందే తెలియాలి.

ఇంట్లో వాడే పీసీలో ఈ గొడవ కనిపించదు. మ్యాక్, ఫై రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, తయారీదారే అంతా సర్ది పంపుతాడు. రౌటర్లు, స్విచ్‌లు, ఆర్మ్ సర్వర్లలో మాత్రం మ్యాక్ ఒక కంపెనీది, ఫై మరొక కంపెనీది, బోర్డు మూడో కంపెనీది. ఏది దేనికి ఎలా కలిసిందో చెప్పే బాధ్యత డివైస్ ట్రీ అనే వర్ణన ఫైలుది. అందులో ఫై-మోడ్ అనే వరుసలో ఒక పేరు ఉంటుంది. ఆ ఒక్క మాట చుట్టూ జరిగిన కథే ఇది.

మొదట్లో పేర్లకు చిక్కు లేదు. 1995లో 100 మెగాబిట్ ఈథర్‌నెట్‌తో వచ్చిన ఎంఐఐ ఒక్కో దిశలో 4 తీగల మీద, 25 మెగాహెర్ట్జ్ గడియారంతో నడిచింది. గిగాబిట్‌కు వచ్చిన జీఎంఐఐలో 8 తీగలు, 125 మెగాహెర్ట్జ్. పిన్నులు ఎక్కువయ్యాయని గడియారం రెండు అంచుల్నీ వాడుకుని సగానికి తగ్గించినది ఆర్‌జీఎంఐఐ. సిస్కో తెచ్చిన ఎస్‌జీఎంఐఐ ఒక్కో దిశకు ఒకే జత తీగల మీద 1.25 గిగాబాడ్‌తో సరిపెట్టింది. 2005లో లినక్స్‌లోకి ఫై లైబ్రరీ చేరాక ఈ పేర్లన్నీ ఒకే జాబితాకు ఎక్కాయి. పేరు చదివితే బోర్డు మీద ఏ తీగలున్నాయో తెలిసిపోయేది.

10 గిగాబిట్‌తో ఆ సుఖం పోయింది. 2002లో వచ్చిన 802.3ఏఈ ప్రమాణం ఎక్స్‌జీఎంఐఐని నిర్వచించింది: ఒక్కో దిశలో 32 డేటా తీగలు, 4 కంట్రోల్ తీగలు, ఒక గడియారం, మొత్తం 74. గడియారం 156.25 మెగాహెర్ట్జ్, రెండు అంచులూ పనిచేస్తాయి. సుమారు 7 సెంటీమీటర్లు దాటితే నమ్మకం లేదు. ఇన్ని తీగలు బోర్డు మీద లాగడం ఎవరికీ గిట్టలేదు, దాంతో ఎక్స్‌జీఎంఐఐ చిప్ కడుపులోనే ఉండిపోయింది. బోర్డు మీదికి వచ్చినవి దాని వారసులు. నాలుగు లేన్‌లతో (లేన్ అంటే ఒక్కో దిశకు ఒక జత తీగలు), ఒక్కోటి 3.125 గిగాబాడ్‌తో ఎక్స్‌ఏయూఐ. రెండు లేన్‌లతో, 6.25 గిగాబాడ్‌తో ఆర్‌ఎక్స్‌ఏయూఐ. చివరికి 64బీ/66బీ సంకేతీకరణతో ఒకే లేన్ మీద 10.3125 గిగాబాడ్. అయినా చాలామంది డ్రైవర్ రచయితలు 10 గిగాబిట్ అనగానే ఎక్స్‌జీఎంఐఐ అని రాసేశారు. బోర్డు మీద 74 తీగలు లేవని వాళ్లకు తెలియక కాదు. జాబితాలో అప్పటికి 10 గిగాబిట్‌కు ఇంకో పేరు లేదు మరి.

అసలు చిక్కంతా ఆ ఒక్క లేన్ దగ్గరే. ఎక్స్‌ఎఫ్‌పీ మాడ్యూల్ తయారీదారులు దాన్ని ఎక్స్‌ఎఫ్‌ఐ అన్నారు. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ వాళ్లు ఎస్‌ఎఫ్‌ఐ అన్నారు. 2007లో బ్యాక్‌ప్లేన్ కోసం వచ్చిన 802.3ఏపీ ప్రమాణం 10జీబేస్-కేఆర్ అంది. మూడింటిలో ప్రవహించే బిట్‌లు దాదాపు ఒకటే, వేగమూ ఒకటే. తేడాలు వేరే చోట ఉన్నాయి. ఎక్స్‌ఎఫ్‌ఐ, ఎస్‌ఎఫ్‌ఐ అనేవి వోల్టేజి, జిట్టర్ వంటి విద్యుత్ లక్షణాలను చెబుతాయి. ఆ లేన్ మీద ఏ ప్రొటోకాల్ నడుస్తుందో చెప్పవు. కేఆర్ అయితే, ఆ 64బీ/66బీ సంకేతీకరణతో నడిచే 10జీబేస్-ఆర్ ప్రొటోకాల్‌కు పైన ఆటో నెగోషియేషన్, లింక్ ట్రైనింగ్ కూడా కోరుతుంది. అవతలివాడు నెగోషియేషన్‌కు బదులివ్వకపోతే కేఆర్ లింకు నిలబడదు.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం నడిపిన కేవియం సంస్థ థండర్‌ఎక్స్ చిప్ డ్రైవర్‌లో ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ డ్రైవర్ 2015లో లినక్స్‌లో చేరింది. అందులోని మోడ్‌ల పట్టికలో ఎక్స్‌ఎఫ్‌ఐకి ఇచ్చిన అంకె 3. 10జీ కేఆర్‌కు ఇచ్చినదీ 3. రెండింటి పక్కన వ్యాఖ్య కూడా ఒకటే: ఒక లేన్, 10.3125 గిగాబాడ్. నాలుగు లేన్‌ల ఎక్స్‌ఎల్‌ఏయూఐకీ, 40జీ కేఆర్‌కూ ఇదే తంతు, రెండింటికీ 4. హార్డ్‌వేర్‌కు ఈ రెండు పేర్ల మధ్య తేడా లేదు. ట్రైనింగ్ ఆన్‌లో ఉందా లేదా అన్న ఒక్క బిట్ చూసి, డ్రైవర్ లాగ్‌లో ఎక్స్‌ఎఫ్‌ఐ అనో 10జీ కేఆర్ అనో అచ్చువేస్తుంది. చిప్ లోపలి పట్టిక కాబట్టి ఇది సరిపోయింది. 2018లో కేవియంను మార్వెల్ కొనుగోలు చేసింది. హైదరాబాద్‌లో ఇప్పుడు మార్వెల్‌తో పాటు ఏఎండీ, మైక్రోచిప్ వంటి సంస్థల కేంద్రాలూ ఉన్నాయి కనుక, ఈ పేర్ల సంగతి అక్కడి ఇంజనీర్లకు రోజువారీ వ్యవహారమే.

అందరూ పంచుకునే జాబితాలో మాత్రం అలా కుదరదు. 2017లో కెర్నెల్ డెవలపర్ రస్సెల్ కింగ్ ఎక్స్‌ఏయూఐ, 10జీ కేఆర్ పేర్లను అందులో చేర్చారు. మార్వెల్ ఆర్మడా 8040 చిప్ మీద నడిచే బోర్డులు 10జీబేస్-కేఆర్ అని రాసుకున్నాయి. నిజానికి ఆ చిప్ డ్రైవర్ బ్యాక్‌ప్లేన్ నెగోషియేషన్ ఏదీ చేయదు; నడిపేది ఉత్త 10జీబేస్-ఆర్. 2019 డిసెంబర్‌లో ఎన్‌ఎక్స్‌పీ ఇంజనీర్లు ఎక్స్‌ఎఫ్‌ఐ, ఎస్‌ఎఫ్‌ఐ అనే కొత్త మోడ్‌లు చేర్చమని ప్రతిపాదించడంతో పాత తప్పు బయటపడింది. విద్యుత్ లక్షణాల పేర్లను ప్రొటోకాల్ పేర్లుగా ఒప్పుకోకూడదన్న అభ్యంతరం నెగ్గింది. 2020 జనవరిలో 10జీబేస్-ఆర్ అనే పేరు చేరింది. మార్చిలో వెలువడిన 5.6 కెర్నెల్‌తో అది అందరికీ అందింది. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఎక్స్‌ఎఫ్‌ఐ, ఎస్‌ఎఫ్‌ఐ తమంత తాము మోడ్‌లు కావని స్పష్టంగా రాశారు. కేఆర్ పేరు కొన్నిచోట్ల తప్పుగా వాడుకలో ఉందనీ ఒప్పుకున్నారు.

తప్పు తెలిసింది కదా, తీసేస్తే పోయేది అనిపించవచ్చు. అది కుదరని పని. డివైస్ ట్రీ ఫైలు కెర్నెల్‌తో కాకుండా బోర్డు ఫర్మ్‌వేర్‌తో కలిసి ఉండవచ్చు. అమ్ముడైపోయిన బోర్డులోని పేరును కెర్నెల్ రచయితలు దిద్దలేరు. పాత ఫైలుతో కొత్త కెర్నెల్ కూడా నడవాలన్నది నియమం. అందుకే మార్వెల్ ఎంవీపీపీ2 డ్రైవర్ నేటికీ 10జీబేస్-కేఆర్ అని చదివితే, తనలో తానే 10జీబేస్-ఆర్‌గా మార్చుకుంటుంది. ఆ వరుస పక్కనున్న వ్యాఖ్య ఈ డ్రైవర్‌కు అసలు కేఆర్ చేతకాదని దాచకుండా చెబుతుంది. ఇంత నిజాయితీ గల వ్యాఖ్యలు కెర్నెల్‌లో తక్కువేమీ కాదు గానీ, ఇది చదవదగినది.

వాడకందారు వైపు పేర్లకూ ఇలాంటి ఇబ్బందే వచ్చింది, కారణం మాత్రం చోటు చాలకపోవడం. లింకు అమరికలు చూసే, మార్చే ఈథ్‌టూల్ ప్రతి లింక్ మోడ్‌కు ఒక బిట్ చొప్పున 32 బిట్‌ల సంఖ్యలో దాచేది. వాటిలో ఆఖరిదైన 31వ బిట్ 25 గిగాబిట్ మొదటి పేరుకు దక్కింది. 2016లో వచ్చిన 4.6 కెర్నెల్ దాన్ని ఎంతైనా పెరిగే బిట్‌మ్యాప్‌గా మార్చింది. ఫ్రీబీఎస్‌డీలో ఇఫ్‌మీడియా పదంలో ఉపరకానికి 5 బిట్‌లే ఉండేవి. అక్కడా తర్వాత విస్తరించక తప్పలేదు.

2021లో 5జీబేస్-ఆర్, 25జీబేస్-ఆర్ చేరినప్పుడు పెద్ద వాదన జరగలేదు, దారి అప్పటికే పడి ఉంది. 2.5 గిగాబిట్ దగ్గర మాత్రం అయోమయం పూర్తిగా పోలేదు. 1000బేస్-ఎక్స్‌నే రెండున్నర రెట్ల వేగంతో, 3.125 గిగాబాడ్ మీద నడిపే పద్ధతిని కొందరు చిప్ తయారీదారులు 2.5జీ ఎస్‌జీఎంఐఐ అంటారు. ఎస్‌జీఎంఐఐ అన్న పేరు సిస్కో నిర్వచించిన దానికే చెల్లుతుందన్నది కెర్నెల్ పట్టుదల, ఈ వ్యాసకర్త దృష్టిలో అదే సరైనది.

కొత్త బోర్డుకు డివైస్ ట్రీ రాసేవారు చిప్ డేటాషీట్‌లో ఎక్స్‌ఎఫ్‌ఐ అని ఉందని అదే పేరు కోసం వెతకనక్కర్లేదు. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూలైనా, బోర్డు మీది 10 గిగాబిట్ ఫై అయినా, ఆ లేన్ మీద నడిచేది 10జీబేస్-ఆర్ అని తేల్చుకున్నాక ఆ పేరే రాయాలి. కేఆర్ అని రాసేది అవతల బ్యాక్‌ప్లేన్ ఉండి, నెగోషియేషన్ నిజంగా జరిగేటప్పుడే.