కారుకు ఎల్‌పీజీ: పొగ ఎంత తగ్గుతుంది?
బెంగళూరులో మనం ఎక్కే ఆటోలు చాలావరకు ఆటో ఎల్‌పీజీవే. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ ఇంధనాన్ని వాహనాల్లో వాడేందుకు మన దేశంలో 2000లో చట్టం అనుమతించింది. మసి దాదాపు ఉండదు, గంధకం బహు తక్కువ.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు ఎల్‌పీజీకి 1.6 కిలోలే. ఈ అంకెలు చూసి మురిసిపోకండి. మైలేజీ ఐదో వంతు దాకా పడిపోతుంది కాబట్టి, కిలోమీటరు లెక్కన తగ్గేది పదో వంతు పైచిలుకు మాత్రమే.

వంటింటి సిలిండరును డిక్కీలో పెట్టి నడిపేవారు మనలోనూ ఉన్నారు. అది నేరం, పైగా ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. గాలికన్నా బరువైన ఈ గ్యాసు లీకైతే పైకి పోదు, బండి అడుగునే పేరుకుంటుంది. ఆమోదం ఉన్న కిట్టే బిగించి, ఆర్‌సీలో నమోదు చేయించండి. ట్యాంకు 80 శాతానికి మించి నింపరాదు.